ఆకు నమిలి చెప్పే అవ్వ

మొన్న తుమకూరులో ఒక నర్సరీకి వెళ్లాను. మా చెల్లెలు కొత్తగా కట్టుకున్న ఇంటి వెనక కాస్త వాలు నేల ఉంది. పక్కింటి గోడ నీడ రోజంతా దాని మీదే. "అక్కా, నీ ఉద్యోగమే అది కదా, అక్కడ నేలంతా కప్పుకుని పెరిగేదేదైనా చూసి పెట్టు" అంది. నర్సరీ అతను నల్ల ప్లాస్టిక్ సంచుల్లోని మొక్కలు ఒక్కొక్కటే చూపిస్తూ వాటి గొప్పలు చెబుతున్నాడు. నేను వింటూ వింటూ ఒకదాని ఆకు తుంచి నోట్లో వేసుకుని నమిలాను.

"మేడం, అది తినేది కాదు" అన్నాడతను కంగారుగా.

నేనూ కంగారు పడ్డాను. ఉమ్మడానికి చోటు వెతుక్కుంటూ, ఈ పాడలవాటు నాకు ఎవరి నుంచి అంటుకుందో గుర్తొచ్చి, అక్కడే ఆ సంచుల మధ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆమె పోయి నాలుగు నెలలైంది. అప్పుడు నేను ఊళ్లో లేను, నాకా సంగతి తెలిసేసరికి కర్మకాండంతా అయిపోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

నేను రాయచెర్లు దగ్గర సోలార్ పార్కులో పనిచేస్తాను. అందులో ఒక చిన్న కంపెనీ బ్లాకుకు గడ్డీ గాదం చూసుకునే సూపర్‌వైజర్ని. తోటల పెంపకంలో డిప్లొమా చదివి గడ్డి పీకించే ఉద్యోగం చేస్తోందని మా ఊరు అరసికెరెలో నా వెనక నవ్వేవాళ్లు. నా ముందు నవ్వే ధైర్యం ఎవరికీ లేదు, నా నోరు అలాంటిది. ఆ నోటి గురించి కూడా చెప్పాలి, కాస్త తర్వాత చెబుతాను.

మా బ్లాకులో ఒక మూల గుట్ట వాలు మీద ఉంటుంది. దాన్ని మేం వాలు యార్డు అనేవాళ్లం. ప్యానెళ్లు వరసలు వరసలుగా దిగుతూ ఉంటాయి, వాటి కింద పగలంతా నీడ. వానొస్తే ఒక్కో ప్యానెల్ మీద పడ్డ నీళ్లన్నీ దాని కింది అంచు నుంచి ఒకే గీతలో నేల మీదికి దూకుతాయి. ఏటా కలుపు మందు కొట్టీ కొట్టీ ఆ నేల నున్నగా అయిపోయింది. నాలుగు వానలకు మట్టంతా కొట్టుకుపోయి, స్తంభాల కింది కాంక్రీటు బయటపడింది. అక్కడ మట్టిని పట్టి ఉంచే మొక్కేదైనా వెయ్యాలి. నీడలో బతకాలి, వాలులో నిలవాలి, మోకాలు దాటకూడదు, ఎండాకాలం భగ్గున అంటుకోకూడదు. ఇన్ని గుణాలున్న పెళ్లికొడుకు కూడా దొరకడు.

నాకా నమిలే అలవాటు అంటించినామె మా గడ్డి పీకే కూలీల్లో ఒకతె. అరవై దాటి ఉంటుంది. చీర మీద కొడుకు పాత చొక్కా, కాలికి టైరు చెప్పులు. అందరూ అవ్వా అనేవాళ్లు, నేనూ అవ్వా అనేదాన్ని. ఆమె నన్ను మేడమ్మా అనేది, అందులో మర్యాద ఎంతో ఎగతాళి ఎంతో నాకెప్పుడూ అంతు పట్టలేదు. వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. మేం కంచె వేయకముందు ఆ వాలంతా వాళ్ల మందలు తిరిగిన మేత నేల. కంచె పడ్డాక మందలు రోడ్ల పక్కకు చేరాయి. ఆ ఏడు ఒక లారీ వాళ్ల మందలో పదకొండు గొర్రెల్ని తొక్కేసింది. ఆమె గడ్డి పీకడానికి మా దగ్గర చేరింది కూలి కోసం కాదని, కంచె లోపల నేల ఎలా ఉందో చూసుకోవడానికని నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. ఆమెకు కావలసింది ఒక్కటే. మందల్ని లోపలికి రానివ్వాలి.

నేను మేనేజర్‌తో ఒకటికి పదిసార్లు మాట్లాడాను. ఆయన బెంగళూరు మనిషి, మంచివాడే కానీ మాట తూచి ఇస్తాడు. "ఒక్క వర్షాకాలం చూద్దాం. వాలు నిలిచి, కేబుళ్లకు ఏమీ కాకపోతే గొర్రెల్ని వదులుదాం. లేదంటే మందు కొట్టించి కంకర పోయిస్తాను, మళ్లీ ఈ మాట ఎత్తకూడదు" అన్నాడు.

ఆమెకు వెళ్లి చెప్పాను. వింటూ వింటూ చేతిలో ఉన్న గడ్డిని వేర్ల నుంచి మట్టి దులిపి పక్కన పెట్టింది.

"ఒక్క వానకాలమా?" అంది.

"ఒక్కటే."

"సరే అయితే. ఏం నాటాల్నో నన్నడిగి నాటు. కాయితం జూసి నాటద్దు."

కాయితం నా దగ్గర ఉంది మరి. బెంగళూరు ఆఫీసు పంపిన జాబితా. అందులో మొదటిది వెడీలియా, పసుపు పూల తీగ, ఊళ్లలో పార్కుల నిండా అదే ఉంటుంది. నాకూ అదే నచ్చింది. నాలుగు సంచులు తెప్పించి ఆమె ముందు పెట్టాను. ఆమె ఆకు తుంచింది, వాసన చూడలేదు, తిప్పి చూడలేదు, నేరుగా నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని గొర్రెలాగే పక్కకి పక్కకి నమిలింది. ఎడమ వైపు ఉమ్మింది.

"దీన్ని గొర్రె తినదు. ఆకలైతే తింటాది, తిని సూడి గొర్రె ఈసుకపోతాది. దీన్ని మీ ఆపీసు ముందర పెట్టుకో, అందంగా ఉంటాది."

సూడి గొర్రె అంటే కడుపుతో ఉన్నది. ఈసుకుపోవడమంటే నెలలు నిండకుండానే కడుపు పోవడం. నేను నమ్మలేదు. ఫోన్లో వెతికి చూశాను. పశువులకు మంచిది కాదని అక్కడా రాసి ఉంది. ఆ మాట ఆమెకు చెప్పడానికి రెండు రోజులు మొహం చెల్లలేదు.

ఆమె పద్ధతి అదే. నచ్చని ఆకును ఎడమ వైపు ఉమ్మేది. నచ్చినదాన్ని ఉమ్మకుండా చెంపలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా అలాగే ఉండేది. ఆ రోజుల్లో ఆమెతో ఏదైనా మాట్లాడాలంటే ముందు చెంప చూసేదాన్ని. ఉబ్బి ఉంటే ఆ వేళకు ఇక మాటల్లేనట్టే. నేలను అడగడం కూడా ఆమె తన పద్ధతిలోనే అడిగేది. కూర్చునే ముందు మడమతో రెండుసార్లు తట్టి, ఆ చప్పుడు విని, కూర్చోవాలో వద్దో తేల్చుకునేది. వాలు మీద ఎప్పుడూ గుట్టవైపు మొహం పెట్టే కూర్చునేది, నీళ్లొచ్చేది అటు నుంచే కాబట్టి.

ఒక రోజంతా ఆమె పని చేయకుండా ప్యానెళ్ల కింద తిరుగుతూ ఉంటే నాకు ఒళ్లు మండింది. దగ్గరికి వెళ్లి చూస్తే, నీడ ఎంతవరకు వస్తోందో అక్కడల్లా గులకరాళ్లు పేరుస్తోంది. పొద్దున ఒక వరస, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. సాయంత్రానికి నేల మూడు పట్టెలుగా తేలింది. ఎండ పట్టె, సగం నీడ పట్టె, పూర్తి నీడ పట్టె.

"ఎండలో గరిక పెట్టు. సగం నీడలో పిల్లిపెసర సల్లు, అది పాకుతాది, గొర్రెకు పానం. ఈ నల్ల నీడుండాది సూడు, దీనికే ఏం పెట్టాల్నో రేపు సెప్తా" అంది.

చదువుకున్నదాన్ని, మూడు పట్టెలకూ ఒకే మొక్క వెతుకుతూ రెండు నెలలు పాడుచేశాను.

మర్నాడు నా స్కూటర్ మీద నిడుగల్లు వెళ్లాం. నన్ను పట్టుకోమంటే పట్టుకోలేదు, దారిపొడుగునా వెనక కడ్డీనే పట్టుకుని కూర్చుంది. కోట కొండ సగం ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది, ఆమెకు రాలేదు. పెద్ద బండల కింద, ఎండ ఎప్పుడూ సోకని చోట, వెడల్పాటి పొట్టి ఆకుల గడ్డి ఒకటి పరుచుకుని ఉంది. కణుపు నేలకు తగిలిన చోటల్లా వేరేసింది. దాని పేరడిగితే "బండ కింద గడ్డి" అంది. నేను దాన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తాను.

"బండ నీడకూ మీ అద్దాల నీడకూ ఏంది తేడా? ఇది ఈడ బతుకుతాది అంటే ఆడా బతుకుతాది" అంది. ప్యానెళ్లను అద్దాలనే అనేది. నేను ఆత్రంగా పీకి గోనెలో కుక్కుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "సగం పీకు సాలు. ఈ కొండకూ గొర్రెలొస్తాయి."

ఇక్కడిదాకా ఆమె చెప్పిందల్లా సరిగ్గానే జరిగింది. నాటే ముందు ఆమె ఇంకొకటి అడిగింది. వాలు మీద మూడు రాత్రులు మంద పెట్టాలని. మా వైపు వానలకు ముందు చేలో గొర్రెల మందను పడుకోబెట్టడం మామూలే. పెంట ఎరువవుతుంది, గిట్టలకు నేల గుల్లబారుతుంది. మందు కొట్టి కొట్టి చచ్చిపోయిన నేలకు ఇంతకన్నా మందు లేదని నాకూ అనిపించింది. కంచెలోకి గొర్రెలంటే మేనేజర్ ఒప్పుకోడని, కాయితంలో 'సేంద్రియ ఎరువు వేయుట' అని రాసి సంతకం తెచ్చుకున్నాను. మూడు రాత్రులు వాళ్ల మంద అక్కడ పడుకుంది. నాలుగో రోజు నుంచి గరిక, పిల్లిపెసర, బండ కింద గడ్డి, ఆమె గీసిన పట్టెల ప్రకారం నాటించాను.

మొదటి వాన మెత్తగా పడింది. పిల్లిపెసర మొలిచింది, గరిక చిగురేసింది. ఇరవై రోజులకు నేను వాలు మొదట నిలబడి చూసి మురిసిపోయాను. తర్వాత వంగి దగ్గర్నుంచి చూశాను. పిల్లిపెసర మధ్య, గరిక మధ్య, గడ్డి మధ్య, జానెడుకొకటి కంప మొలక. సర్కారు తుమ్మను మేం కంప అంటాం. వేసవిలో మేత ఉండదు కాబట్టి గొర్రెలు కంప కాయలే తింటాయి. గింజ అరగదు. పెంటలో చెక్కుచెదరకుండా బయటపడి, వాన తగలగానే మొలుస్తుంది. మూడు రాత్రుల్లో ఆ మంద మా వాలంతా కంప విత్తేసింది.

పక్క బ్లాకులో కంప వేర్లు కేబుల్ పైపుల్లోకి దూరిన సంగతి మేనేజర్‌కు తెలుసు. కాయితంలో నేను రాసిన అబద్ధమూ ఇప్పుడు బయటపడింది. ఆయన వచ్చి చూసి అరవలేదు. "పదిహేను రోజుల్లో మళ్లీ వస్తాను. ఒక్క కంప కనబడినా మొత్తం మందు కొట్టిస్తాను" అని కారెక్కాడు.

ఆయన అరవని అరుపంతా నేను అరిచాను. కూలీలందరూ ఉన్నారు, ప్యానెళ్లు కడిగేవాళ్లు ఉన్నారు. "ఇదేనా నీ గొర్రెల తెలివి? ముసలితనానికి బుద్ధి కూడా పోయిందా? నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?" ఇంకా ఏమేమో అన్నాను, అవి ఇక్కడ రాయలేను.

ఆమె కింద కూర్చుంది. మడమతో తట్టకుండానే కూర్చుంది. ఒక మొలకను వేళ్లతో పట్టుకుని చూసింది.

"దున్నేది మరిసినా" అంది. "మంద పెట్టినాక దున్నుతాం గదా. దున్నితే ఈ మొలక సస్తాది. పుట్టినకాడ్నుంచీ అట్లే సూసినా. ఈడ దున్నేదే లేదు. అది తట్టలేదు మేడమ్మా."

నేను వేరుశనగ రైతు కూతుర్ని. మా చేలో మా నాన్న ఏటా మంద పెట్టించేవాడు, ఆ వెనకే మడక తోలి దున్నేవాడు. నాకు మాత్రం తట్టిందా? ఆ మాట ఆ రోజే, అందరి ముందు, అక్కడికక్కడే అనాల్సింది. అనలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆమె వాలు మీద ఉంది. కంప మొలకను వేరుతో సహా లాగాలి, తెగితే మళ్లీ లేస్తుంది. వాన ఆగి వారమైంది, నేల బిగుసుకుపోయింది. ఆమె పది లాగితే ఏడు తెగుతున్నాయి. తెగిన ప్రతిదాన్నీ చూసి పళ్లు బిగబట్టేది. ఇంకొక వాన రావాలి, కానీ పెద్దది రాకూడదు. పెద్ద వానొస్తే ఇంకా పట్టుకోని గడ్డితో సహా వాలు జారిపోతుంది. ఆకాశం కేసి చూడాలంటే నాకు భయం వేసేది.

దారి కూడా ఆమెకే తోచింది. ప్యానెళ్లు కడిగే ట్యాంకర్ తెల్లవారగానే వస్తుంది, కడిగిన నీళ్లు కింది అంచు వెంట కారి నేల నానుతుంది. "వాళ్లు కడిగిన వరసెమ్మడే మనం పీకుదాం" అంది. నేను కడిగేవాళ్ల మేస్త్రీని బతిమాలి, ఆ పది రోజులు ముందు మా వాలే కడిగేట్టు ఒప్పించాను. వాళ్లు ఒక వరస కడిగి పైకి వెళ్లేలోగా, తడి ఆరేలోగా, ఆమె మోకాళ్ల మీద పాకుతూ ఆ వరసంతా లాగేది. నడుం ఎత్తేది కాదు. మూడో రోజు నేనూ మోకాళ్ల మీదికి దిగాను. ఆమె నా వైపు చూడలేదు, కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. ఎనిమిది రోజులు పక్కపక్కనే పాకాం. ఒక్కసారి కూడా నేను తప్పయిందని అనలేదు. ఆమె వేళ్లు చీలి మట్టి పట్టి నల్లబడ్డాయి. అవి చూస్తే నా మీద నాకే అసహ్యం వేసేది.

ఇంకా నాలుగు వరసలు మిగిలి ఉండగా మధ్యాహ్నం నిడుగల్లు కొండ కనబడకుండా పోయింది. అటు నుంచి గాలి, వెంటనే వాన. పెద్ద వానే. మేమిద్దరం ఒక ప్యానెల్ కింద కూర్చున్నాం. మా ముందు నీళ్లు ఒకే గీతలో దూకుతున్నాయి. ఎర్రగా, చిక్కగా కిందికి పోతున్నాయి. ఆమె గుట్టవైపు చూడడం మానేసి కిందికే చూస్తోంది. కాసేపటికి లేచి ఆ వానలోనే వాలు చివరిదాకా దిగి, కాలువలోని నీళ్లు దోసిట పట్టింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాక అరచేతిలో మిగిలిన మట్టి ఎంతో చూసుకుంది. మళ్లీ పట్టింది. నేను పైనుంచి అరిచి అడిగాను, వానలో ఆమెకు వినబడలేదు. అలా ఎన్నిసార్లు పట్టిందో. చివరికి వచ్చి నా పక్కన కూర్చుని కొంగు పిండుకుంది.

"మన్ను తగ్గతాండాది" అంది.

కింది మూలలో ఒక చోట, మేం ఎక్కువ మొలకలు పీకి గుల్ల చేసిన చోట, గండి పడింది. రాళ్లు పేర్చి పూడ్చాం. మిగతా వాలు నిలిచింది. నానిన నేలలో ఆ నాలుగు వరసలూ ఒక్క రోజులో తేలిపోయాయి. మేనేజర్ చెప్పిన రోజుకే వచ్చాడు, ప్రతి వరసా నడిచాడు, రెండుసార్లు వంగి ఏదో లాగి చూశాడు, అవి పిల్లిపెసర. "గుడ్ వర్క్" అని నా చెయ్యి కలిపాడు. నేను కలిపాను. ఎవరి పనో చెప్పకుండానే కలిపాను. ఆమె పది అడుగుల దూరంలో గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది.

వర్షాకాలం గడిచింది, గడ్డి నేలను పట్టుకుంది, మేనేజర్ మాట నిలుపుకున్నాడు. దీపావళి వెళ్లాక ఒక సోమవారం మందల్ని వదలాలని ఖాయమైంది. ముందు ఆమె మందే వెళ్లాలని మిగతా గొర్రెలవాళ్లంతా వాళ్లలో వాళ్లే అనుకున్నారు. ఆ పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కొడుకు మందను గేటు దాకా తోలుకొచ్చాడు. వెనక రోడ్డు మీద ఇంకో మూడు మందలు. మేనేజర్ ఫోటో తీయడానికి ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. నేను గేటు తీశాను.

ఆమె మందకు ముందు నడవలేదు, దాని వెనక్కి వెళ్లింది. అప్పుడే పడ్డ పెంటికలు నాలుగు ఏరి బొటనవేలి గోటితో చిదిమింది. ఇంకో నాలుగు చిదిమింది. లేచి కొడుకు దగ్గరికొచ్చి అరచెయ్యి చాపింది. చేతిలో కంప గింజలు.

"యాడ మేపినావురా?"

"రోడ్డు పక్కన. కాయ రాల్నాది, తిన్న్యాయి. ఇంగేం మేపల్లమ్మా?"

"ఎనక్కి తోలకపో."

"అందరూ సూస్తాండారమ్మా."

"సూడనీ. కాయ తగలనీకుండా దొడ్లో కట్టి ఐదారు దినాలు ఎండు సొప్ప ఎయ్యి. కడుపు కాళీ అయినాక తోలకరా." వెనక మందల వాళ్ల వైపు తిరిగి, "మీరూ అంతేనప్పా. నా గొర్రెలకే దారి లేదు, మీయాటికి యాడిది?" అంది.

మేనేజర్ ఫోన్ దించాడు. ఏమైందని నన్ను కన్నడంలో అడిగాడు. నేను ఆమె దగ్గరికి వెళ్లి మెల్లగా, "ఈ ఒక్క రోజుకూ పోనియ్యవ్వా. మొలిస్తే మనిద్దరం మళ్లీ పీకుదాం" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు అందులో.

"ఆ పొద్దు నువ్వరిసింది మరిసినావా? నేను మరవలే" అంది. నా నోట్లోంచి అప్పుడు వచ్చింది, తప్పయింది అవ్వా అని. ఆమె విన్నదో లేదో తెలీదు. గేటు సందులోంచి లోపలికి తల పెడుతున్న గొర్రెను చెవి పట్టుకుని బయటికి లాగుతోంది.

గడ్డి వాసన పట్టిన మంద అరవడం మొదలెట్టింది. ఆమె దానికి వీపు పెట్టి నిలబడింది.

"గేటెయ్యి మేడమ్మా" అంది.

వేశాను.